మా వారి ఎమ్మార్పీ

పెళ్ళయిన కొత్తలో మా వారిని "మీరు ఆఫీసులో ఏం పని చేస్తారండీ?" అని అడిగితే "ఎమ్మార్పీ చూస్తాను" అన్నారు. నాకు తెలిసిన ఎమ్మార్పీ ఒకటే, సబ్బు పెట్టె మీద, బిస్కెట్ పొట్లం మీద అచ్చువేసే ధర. పోనీలే, ధరలు నిర్ణయించే ఉద్యోగం కాబోలు, మంచిదే అనుకున్నాను. మా పిన్ని అడిగితే అలాగే చెప్పాను కూడా. బీఏ తెలుగు చదివినదాన్ని, అంతకంటే లోతుగా అడగాలని తోచలేదు. ఆయనా చెప్పలేదు. అలా పద్దెనిమిదేళ్ళు గడిచిపోయాయి. ఆ మాటకి అసలు అర్థం నాకు పోయిన సంక్రాంతికి, బెల్లం పాకం ముందు నిలబడి ఉండగా తెలిసింది. ఆ కథే ఇవాళ రాస్తున్నాను. కొంచెం లెక్కలున్నాయి, విసుక్కోకండి.

మేముండేది కొత్తగూడలో. బాల్కనీలో నిలబడితే ఒక పక్క ఫ్లైఓవరు, ఇంకో పక్క బొటానికల్ గార్డెన్ చెట్లు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మా చుట్టుపక్కలంతా అద్దాల మేడలే. మా వారు చదివింది మెకానికల్. ఒక ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు చేసి, అమీర్‌పేటలో సాప్ కోర్సు నేర్చుకుని ఇటు వచ్చేశారు. ఎక్కడో జర్మనీలోనో అమెరికాలోనో ఉన్న ఫ్యాక్టరీలో రేపు ఏ మర ఎన్ని తేవాలో ఇక్కడ కూర్చుని సరిచూసే పని. పోయిన ఆగస్టులో ఆ ప్రాజెక్టు అయిపోయింది. పదిహేను నిమిషాల ఫోను, మూడు నెలల జీతం, అంతే.

ఆయన నాకు ఆ రాత్రే చెప్పారు. "అమ్మకీ చిన్నికీ ఇప్పుడే చెప్పొద్దు. ఇంకోటి దొరికాక చెబుదాం" అన్నారు. అత్తయ్యకి బీపీ. చిన్ని ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. సరేనన్నాను. అప్పటినుంచి ఆయన రోజూ తొమ్మిదింటికి లాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. ఇంట్లోంచే పని అని అందరికీ చెప్పాం.

డిసెంబరు వచ్చేసరికి మూడు నెలల జీతం కరిగిపోయింది. జనవరి నెలాఖరుకి చిన్ని సెమిస్టరు ఫీజు కట్టాలి. నా గాజులు రెండు అమ్మేద్దామని ఇద్దరం అనేసుకున్నాం కూడా. ఆ సమయంలోనే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ "సంక్రాంతికి ఇంటి పిండివంటలు ఎవరైనా చేసిస్తారా?" అని అడిగింది. నా వేళ్ళు నన్నడక్కుండానే "నేను చేస్తాను" అని కొట్టేశాయి. ఇరవై నాలుగు పెట్టెలకి ఆర్డరు వచ్చింది. పెట్టెకి పది అరిసెలు, పది కజ్జికాయలు, పది సున్నుండలు. జనవరి 11న ఇవ్వాలి.

నేను పప్పుల డబ్బాల ముందు కూర్చుని వేళ్ళ మీద లెక్కలు వేసుకుంటుంటే మా వారు వచ్చి పక్కన కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో కాస్త వెలుగు చూశాను. "ఇది నా పనే. నేను చేసిపెడతాను" అన్నారు.

"నువ్వు గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. ఊహించాల్సింది పెట్టెల్ని మాత్రమే. లోపలివన్నీ ఊహించకూడదు, లెక్క కట్టాలి" అని మొదలుపెట్టారు. కొనేవాళ్ళు ఎన్ని పెట్టెలు అడుగుతారో మన చేతిలో లేదు. కానీ పెట్టెలు ఇన్ని అని తేలాక అరిసెలెన్ని, చలిమిడి ఎంత, పిండి ఎంత, బియ్యం ఎంత అనేది ఎవరి ఇష్టమూ కాదు, ఒకదాన్ని పట్టుకుని ఒకటి వచ్చేస్తుంది. ఈ తేడాని గట్టిగా పట్టుకున్నాయన జోసెఫ్ ఆర్లికీ అట. చెకోస్లోవేకియాలో పుట్టి అమెరికా వెళ్ళి, ఐబీఎంలో పనిచేస్తూ 1960లలో ఈ పద్ధతికి రూపమిచ్చి, 1975లో దీనిమీద పెద్ద పుస్తకమే రాశారట. 'మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్', పొట్టిగా ఎమ్మార్పీ. పద్దెనిమిదేళ్ళ తర్వాత నా సబ్బు పెట్టె ధర కాస్తా అలా ఎగిరిపోయింది.

"మరి అంతకుముందు ఏం చేసేవాళ్ళు?" అన్నాను.

"నాన్న చేసినట్టు చేసేవాళ్ళు" అన్నారు.

మా మామయ్య బాలానగర్‌లో పంపుసెట్లు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోరుకీపరు. ఇప్పుడు లేరు. ఆ రోజుల్లో ప్రతి సరుకుకీ ఒక ఎర్రగీత ఉండేదట. నిల్వ ఆ గీత దాకా దిగితే కొత్త సరుకుకి చీటీ రాయాలి. మనం ఇంట్లో చేసేదీ అదే కదా, కందిపప్పు డబ్బా అడుగు కనపడితే కొట్టుకి పంపుతాం. రోజూ కాస్తకాస్త వాడే వాటికి ఆ పద్ధతి బాగానే ఉంటుంది. కానీ మోటారు ఇరుసు రోజూ కాస్తకాస్త ఖర్చవదు. వంద మోటార్లు మొదలుపెట్టిన రోజున వందా ఒకేసారి కావాలి. మిగతా రోజుల్లో ఒక్కటీ అక్కర్లేదు. గీత పైన ఉందని నిశ్చింతగా ఉంటే ఆ రోజున పని ఆగిపోతుంది. ఆగకూడదని ఎక్కువ తెచ్చి పెట్టుకుంటే డబ్బంతా అలమరలో తుప్పు పడుతుంది. పండగ బెల్లం కూడా అంతే. ఏడాదంతా నెలకో కిలో, సంక్రాంతికి ఒక్కరోజులో ఏడెనిమిది కిలోలు. ఎర్రగీత ఏం చేస్తుంది పాపం!

ఆ తర్వాత కాగితం మీద ఒక చెట్టు తలకిందులుగా గీశారు. పైన పెట్టె. దాని కింద అరిసె. అరిసె కింద చలిమిడి, నూనె, నువ్వులు. చలిమిడి కింద తడి పిండి, పాకం. తడి పిండి కింద బియ్యం, పాకం కింద బెల్లం. దాన్ని చూడగానే నాకు డిగ్రీలో సమాసాలు చెప్పిన మాస్టారు గుర్తొచ్చారు. 'రామబాణహతుడు' అంటే ఒక్కసారిగా మూడు ముక్కలు చేయకూడదు. రామబాణం చేత హతుడు, ఆ రామబాణం మళ్ళీ రాముని బాణం అని పొరలు పొరలుగా విప్పాలి. ఆ మాటే అన్నాను, "ఇది అరిసెకి విగ్రహవాక్యం కదండీ!" అని. ఆయన ఒక నిమిషం ఆలోచించి, "మేము దీన్ని బిల్ ఆఫ్ మెటీరియల్స్ అంటాం. నీ పేరే బావుంది" అన్నారు.

అసలు చిక్కు బెల్లం దగ్గర వచ్చింది. సున్నుండలో బెల్లం సున్నిపిండితో నేరుగా కలుస్తుంది కాబట్టి పెట్టెకి రెండు మెట్లు కింద ఉంది. కజ్జికాయలో లౌజు లోపల ఉంటుంది కాబట్టి మూడు మెట్లు. అరిసెలో పాకం లోపల, నాలుగు మెట్లు. పై నుంచి దిగుతూ రెండో మెట్టు దగ్గర కనపడగానే బెల్లం లెక్క తేల్చేస్తే, కింద ఇంకో రెండు చోట్ల దాని పేరు మళ్ళీ వస్తుంది. అందుకని అన్నిటికన్నా లోతుగా ఎక్కడ కనిపిస్తుందో ఆ మెట్టు దాకా ఆగి, అన్ని వైపుల నుంచీ వచ్చిన అవసరాల్ని కూడి, అప్పుడు ఒకేసారి చేతిలో ఉన్నది తీసేయాలట. కంప్యూటరు ప్రతి వస్తువుకీ ఆ లోతు నంబరు గుర్తుపెట్టుకుని పనిచేస్తుందట.

తర్వాత రోజుల లెక్క. ఇది మాత్రం వెనక్కి నడవాలి. 11న పెట్టెలు కట్టాలంటే 10న అరిసెలు వత్తాలి. 10 పొద్దున పిండి పట్టాలంటే 9 పొద్దున బియ్యం నానాలి. 9న నానాలంటే 8 సాయంత్రానికి బియ్యం ఇంట్లో ఉండాలి. సున్నుండలు నిలవుంటాయి కాబట్టి 7న, కజ్జికాయలు 8న. నెయ్యి 6 నాటికి కాచి ఉండాలి. ఆడవాళ్ళం ఇదంతా బుర్రలో ఎప్పుడూ చేసేదే, కానీ ఇలా కాగితం మీద గళ్ళలో చూసుకుంటే ఏదో గొప్పగా అనిపించింది.

"అన్నీ బానే ఉన్నాయి గానీ, 10న మూడు వందల పనులు పడ్డాయి. మన పొయ్యికి బర్నర్లు రెండే. అది రాశారా?" అన్నాను. ఆయన నవ్వేశారు. ఈ లెక్కకి ఉన్న పెద్ద లోపం అదేనట. ఏ రోజున ఏం కావాలో చెబుతుంది గానీ, అంత పని చేసే యంత్రాలూ మనుషులూ ఉన్నారో లేదో దానంతట అది చూసుకోదు. దానికి వేరే లెక్క వేసుకోవాలి. నా నడుము గురించి ఆర్లికీ గారికి తెలియకపోవడంలో వింత లేదు లెండి. కజ్జికాయల్లో సగం 7 రాత్రికి జరిపాం, పక్కింటివాళ్ళ పొయ్యి అరువు తెచ్చుకున్నాం.

జనవరి 3న ఆర్డరావిడ ఫోన్ చేసి, "ఇంకో ఆరు పెట్టెలు కావాలండీ" అంది. ముప్పై! ఎక్సెల్లో పై గడిలో 24 తీసి 30 పెట్టగానే కింద అంకెలన్నీ గబగబా మారిపోయాయి. పైన చిన్న కదలిక వస్తే కిందంతా అల్లాడిపోవడాన్ని వాళ్ళ భాషలో 'నెర్వస్‌నెస్' అంటారట. అది కంప్యూటరుకి కాదు, నాకు పట్టుకుంది.

ఇప్పుడు బెల్లం లెక్క చూడండి. మూడు వందల అరిసెలకి, కిలో బియ్యానికి ముప్పై చొప్పున, పది కిలోల బియ్యం. కిలోకి ముప్పావు కిలో చొప్పున ఏడున్నర కిలోల బెల్లం. సున్నుండలకి ఐదు కిలోలు. కజ్జికాయల లౌజుకి మూడు. మొత్తం పదిహేనున్నర. "ఇంట్లో ఎంతుంది?" అని అడిగారు. "స్టీలు డబ్బాలో ఆరు కిలోలు" అన్నాను ఠకీమని. నిలవ బెల్లం, పాకానికి పేరుపెట్టనక్కర్లేదు. పదిహేనున్నరలో ఆరు పోతే తొమ్మిదిన్నర. కొట్టులో ఐదు కిలోల దిమ్మలే ఇస్తాడు కాబట్టి రెండు దిమ్మలు, పది కిలోలు తెచ్చాం. అర కిలో మిగులు.

7న, 8న కొత్త దిమ్మలు కొట్టి సున్నుండలూ కజ్జికాయలూ చేశాం. అన్నీ కాగితంలో ఉన్నట్టే జరిగాయి. 10 పొద్దున కొత్తగూడ ఊళ్ళో పిండి మర దగ్గర మా వారు గంటన్నర క్యూలో నిలబడి తడి పిండి పట్టించుకొచ్చారు. అత్తయ్య అరిసెల చెక్కల దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం దాకా బంగారంలా వచ్చాయి. నాలుగింటికి ఆఖరి పాకానికి స్టీలు డబ్బా ఒంపితే అడుగు కనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. ధనుర్మాసం మొదట్లో కింద గుడిలో ప్రసాదానికని రెండు కిలోలు తీసిచ్చాను. నేను చెప్పిన ఆరు కిలోలు అంతకుముందు లెక్క. ఉన్నది నాలుగే.

కిలోన్నర తక్కువ. రెండు కిలోల బియ్యం పిండి, అరవై అరిసెలు, సరిగ్గా ఆరు పెట్టెలు. తడి పిండి రేపటికి ఆగదు, పులిసిపోతుంది. మా వారు పరుగున వెళ్ళి సూపర్ మార్కెట్లో దొరికిన పొడి బెల్లం తెచ్చారు. పాకం ఎంతసేపటికీ ఉండకి రాలేదు. ఆశ చావక పిండి కలిపి ఒకటి వేస్తే నూనెలో విచ్చిపోయింది. రెండోదీ అంతే. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ ఆరు పెట్టెలూ పెట్టకుండా ఆగినా బావుండేదేమో. ఇరవై నాలుగే అయి ఉంటే కావలసింది పన్నెండు కిలోల నాలుగు వందల గ్రాములే. పద్నాలుగు ఉంది కాబట్టి సరిపోయేది, నా పొరపాటు ఎవరికీ తెలిసేదే కాదు.

మా వారు నన్ను ఒక్క మాట అనలేదు. గిన్నె దించి పక్కన పెట్టి, "మా పనిలో తొంభై గొడవలు ఇక్కడే. లెక్క తప్పదు. లెక్కకి మనం చెప్పిందే తప్పు. డబ్బాలో ఒకటి, కాగితంలో ఒకటి ఉంటే..." అని ఆగిపోయారు. నా మొహం చూడలేదు. నేనూ ఆయన మొహం చూడలేదు.

అత్తయ్య చేతులు కడుక్కుని వస్తూ, "మీ మామయ్య అయితే ముందు డబ్బా దించి తూచేవారు. రాక్‌కి ఒక అట్ట వేలాడదీసి, ఒక్క మర తీసినా దానిమీద రాయందే తీయనిచ్చేవారు కాదు" అంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా వారు టీవీ ఆపేశారు. "అమ్మా, నాకు ఆగస్టు నుంచి ఉద్యోగం లేదు" అన్నారు. ఇంకేం ఉపోద్ఘాతం లేదు.

చిన్ని తల వంచుకుని, "నాకు తెలుసు నాన్నా. సెప్టెంబర్ నుంచి నీ హెడ్‌సెట్ ఒక్కసారి కూడా ఛార్జింగ్‌లో పెట్టలేదు" అంది. అందుకేనట అది కాలేజీ టూరు వద్దంది. నేనేమో దానికి స్నేహితులతో పడట్లేదని బెంగపడ్డాను.

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. నాకు భయం వేసి బీపీ మాత్ర తేబోయాను. "మాత్ర వేసుకున్నాను, కూర్చో" అంది. తర్వాత అడిగింది, "ఫీజుకి ఎలాగనుకున్నారు?" గాజుల సంగతి చెప్పాను. ఆవిడకి అప్పుడు కోపం వచ్చింది. "మీ నాన్న గ్రాట్యుటీ డబ్బు నా పేరున బ్యాంకులో మూలుగుతోంది. అది మీ లెక్కలోకి ఎందుకు రాలేదురా? నేను ఈ ఇంట్లో మనిషిని కానా?" అంది. మా వారి దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు. ఆవిణ్ణి కాపాడుతున్నామనుకున్నాం. ఆవిడకి వినిపించింది మాత్రం ఆవిణ్ణి లెక్కలోంచి తీసేశామని.

ఆ రాత్రి పన్నెండు దాకా నలుగురం కూర్చున్నాం. చిన్ని పెన్ను పట్టుకుంది. ఇంట్లో ఏముంది, బ్యాంకులో ఏముంది, చీటీ ఎప్పుడు వస్తుంది, ఏ తేదీకి ఏం కట్టాలి, జూన్ దాకా వెనక్కి నడుచుకుంటూ రాశాం. ఊహించినంత బాగా లేదు. మేమిద్దరం తలుపులు వేసుకుని భయపడినంత ఘోరంగానూ లేదు. గాజులు అమ్మడమన్న పంక్తి మీద అత్తయ్య తనే గీత కొట్టించింది. ఫీజుకి తన డబ్బు ఇచ్చింది, అప్పుగా. వడ్డీ వద్దంది గానీ నెలనెలా ఇంత అని రాయించుకుంది!

పొద్దున ఆరుగురికీ ఫోన్ చేసి నిజం చెప్పాను. ఐదుగురు 13 దాకా ఆగారు. ఒకావిడ వద్దనేసింది, ఆవిడ తప్పేం లేదు. మళ్ళీ బియ్యం నానబోసి, పాకం బెల్లం తెచ్చి, ముందు తూచి, అప్పుడు చేశాం. ఆ మిగిలిన పెట్టె మేమే తిన్నాం. పోయిన పిండీ నూనే తీసేస్తే పెద్దగా మిగిలిందేం లేదు.

మా వారికి ఏప్రిల్‌లో ఒక కాంట్రాక్టు పని దొరికింది. జీతం మునుపటికన్నా తక్కువే. అది డిసెంబరు దాకా ఉంటుందని ఇంట్లో నలుగురికీ తెలుసు. తలుపు వేసుకోవడం మాత్రం మానేశారు. ఎవరో జర్మనీ ఆయన గొంతు నా వంటింట్లోకి వినిపిస్తూ ఉంటుంది. అప్పుడప్పుడు 'షార్టేజ్' అన్న మాట వింటే, అక్కడ ఏ మహాతల్లి డబ్బా తూచకుండా చెప్పిందో అనుకుంటాను.

మా బెల్లం డబ్బాకి ఇప్పుడు ఒక అట్ట వేలాడుతోంది. మామయ్య పాత ట్రంకు పెట్టెలో దొరికితే అత్తయ్యే కట్టింది. తేదీ, వచ్చింది, తీసింది, మిగిలింది అని నాలుగు గళ్ళు. నిన్న చూస్తే 'తీసింది' కింద చిన్ని రాతలో 'ఒక ముక్క, నానమ్మకి, అమ్మకి చెప్పొద్దు' అని ఉంది. బీపీతో పాటు ఆవిడకి షుగరు కూడా మొదలైందని డాక్టరు చెప్పి నెల కాలేదు. అయినా రాశారు కదా అని ఊరుకున్నాను.

శ్రావణ మాసం ఆర్డర్లు మొదలయ్యాయి. ఈసారి పూర్ణాలు, బొబ్బట్లు. మీలో ఎవరింట్లోనైనా ఇలా డబ్బాలో ఒకటి, నోట్లో ఒకటి జరిగిందా? ఉంటే రాయండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. పప్పు నానింది, వెళ్ళొస్తాను.